తెగిపోయిన తేదీ

మానవుడు సంఘజీవి. ఒకరి మాట మరొకరికి చేరితేనే సంఘము నిలుస్తుంది. మాట చేరకపోతే కలిగే కష్టము అందరికీ తెలిసినదే. సగము మాట చేరితే కలిగే కష్టము అంతకంటె పెద్దదని మాకు గత విద్యాసంవత్సరములో అనుభవపూర్వకముగా తెలిసినది. ఆ అనుభవమును, అందులో యంత్రము పాలు ఎంత, మా పాలు ఎంత అన్న లెక్కతో సహా, ఈ వార్షిక సంచిక పాఠకుల ముందు ఉంచడము మా విధి అని తలచి ఈ వ్యాసము వ్రాస్తున్నాము.

మేము ముగ్గురము. ఒకరిది జనగామ, ఒకరిది మహబూబాబాద్, ఒకరిది భూపాలపల్లి. 2016 అక్టోబరు 11వ తేదీకి ముందు ఈ మూడు ఊళ్లూ ఒకే వరంగల్లు జిల్లాలో ఉండేవి. ఆనాటి పునర్విభజనతో మూడూ మూడు జిల్లాలకు కేంద్రములైనవి. వరంగల్లు నుండి చూస్తే జనగామ నైరుతి, మహబూబాబాద్ ఆగ్నేయము, భూపాలపల్లి ఈశాన్యము. మొదటి రెండు ఊళ్లకు రైలు ఉన్నది. బొగ్గు గనుల ఊరైన భూపాలపల్లికి పోవలెనంటే బస్సే గతి. మాలో మహబూబాబాదు మిత్రుడు చిన్ననాటి నుండి ఉర్దూ మాధ్యమములో చదివినవాడు. తక్కిన ఇద్దరమూ తెలుగు మాధ్యమము వారము. కంప్యూటరు మీది ఆసక్తి మమ్ము ఒక బల్ల దగ్గరకు చేర్చినది.

మా కళాశాల ప్రయోగశాలలో తెలుగు, ఉర్దూ మాధ్యమముల విద్యార్థులు పక్కపక్కనే కూర్చుంటారు. అక్కడి కంప్యూటర్లు పాతవి. లోపల సెల్‌ఫోను తీయరాదని నియమము. ఒక కంప్యూటరు నుండి మరొక కంప్యూటరునకు ప్రశ్నలు, ప్రకటనలు పంపుకొనుటకు తేలికపాటి సాధనము ఏదైనా ఏర్పాటు చేయుమని మా అధ్యాపకులు మాకు పని అప్పగించినారు. మేము ఇంటర్నెట్ రిలే చాట్ అనే పద్ధతిని ఎన్నుకొన్నాము. దీనిని 1988 ఆగస్టులో ఫిన్లాండు దేశపు ఊలు విశ్వవిద్యాలయములో యార్కో ఓయికారినెన్ అనే ఆయన రూపొందించినారు. మధ్యన ఒక సర్వరు ఉంటుంది. ప్రతి కంప్యూటరులోను క్లయింటు అనే ప్రోగ్రాము ఉంటుంది. ఒకరు టైపు చేసిన వాక్యమును సర్వరు అందుకొని, ఆ ఛానెలులో ఉన్న అందరికీ పంచిపెడుతుంది. ఎంత పాత యంత్రము మీదనైనా ఇది నడుస్తుంది. మేము హెక్స్‌చాట్ అనే ఉచిత క్లయింటును ఎక్కించుకొన్నాము.

హెక్స్‌చాట్‌లో ఒక సౌకర్యము ఉన్నది. పైథాన్, పెర్ల్, లువా భాషలలో చిన్న చిన్న స్క్రిప్టులు వ్రాసి దానికి తగిలిస్తే, మనిషి చేయవలసిన పనిని కొంతవరకు అదే చేస్తుంది. స్క్రిప్టు అనే ఆంగ్ల పదమునకు లిపి అనే అర్థము కూడా ఉన్నది. మాకు కలిగిన కష్టములన్నిటికీ మూలము ఈ రెండు అర్థముల నడుమనే ఉన్నదని తరువాత గాని మాకు తెలియలేదు.

మేము పైథాన్‌లో వ్రాసిన స్క్రిప్టు చేసే పని ఇది. కార్యాలయము ఇచ్చిన ప్రకటనను తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి ఛానెలులో ప్రకటిస్తుంది. ఎవరైనా ‘ఫీజు’, ‘పరీక్ష’ అని గాని, తమ ఊరి పేరు చెప్పి ‘బస్సు’ అని గాని వ్రాస్తే, మేము ముందుగా వ్రాసి పెట్టిన సమాధానము ఇస్తుంది. తెలుగు పాఠము మా ఇద్దరి బాధ్యత. ఉర్దూ పాఠము మహబూబాబాదు మిత్రుని బాధ్యత.

మొదటి చిక్కు మొదటి వారములోనే వచ్చినది. ఒక కంప్యూటరు మీద బాగా నడిచిన స్క్రిప్టును, అది చెడిపోతే ఉపయోగపడుతుందని, రెండవ కంప్యూటరు మీద కూడా నడిపినాము. ఎవరో ‘ఫీజు’ అని వ్రాసినారు. మొదటి యంత్రము సమాధానము ఇచ్చినది. ఆ సమాధానములో ‘ఫీజు’ అనే మాట ఉన్నది గనుక రెండవ యంత్రము దానికి సమాధానము ఇచ్చినది. దానికి మళ్లీ మొదటిది సమాధానము ఇచ్చినది. క్షణములో తెర నిండిపోయినది. ప్రయోగశాల అంతా నవ్వు. మేమూ నవ్వినాము. తరువాత ఈ పద్ధతి నియమపత్రము తెరిచి చూస్తే, ఈ ప్రమాదమును పెద్దలు ఎన్నడో ఊహించినట్లు తెలిసినది. 1993 మే నెలలో వెలువడిన ఆ పత్రములో మామూలు సందేశము వేరు, నోటీసు వేరు. నోటీసుగా వచ్చిన దానికి యంత్రము తనంతట తాను ఎన్నడూ బదులు ఇవ్వరాదని అందులో స్పష్టముగా ఉన్నది. మేము వెంటనే సమాధానములను నోటీసులుగా మార్చినాము. ఆ చిక్కు తీరినది. చదువకుండా వ్రాసినందుకు శిక్ష నవ్వుతోనే పోయినది.

రెండవ చిక్కునకు ఎవరూ నవ్వలేదు.

డిసెంబరు నెలలో విద్యార్థి వేతనముల దరఖాస్తులకు సంబంధించిన ప్రకటన వచ్చినది. తల్లి గాని తండ్రి గాని సంతకము చేసిన పత్రములు, ధ్రువపత్రముల నకళ్లు జతపరచి, 18వ తేదీ సాయంత్రము లోపల కళాశాలలో ఇవ్వవలెనని దాని సారాంశము. అప్పటికి మా స్క్రిప్టు నెలరోజులుగా సక్రమముగా నడుస్తున్నది. మేము గర్వముతో ఉన్నాము. ఛానెలులో ప్రకటిస్తున్నాము గదా, ఈసారికి బోర్డు మీద కాగితము అంటించనక్కరలేదని కార్యాలయములో చెప్పినది మేమే. ఈ మాట ఇక్కడ దాచరాదు.

19వ తేదీ ఉదయము కార్యాలయము ముందు ఏడుగురు విద్యార్థులు నిలబడి ఉన్నారు. ఏడుగురూ తెలుగు మాధ్యమము వారే. తేదీ దాటినదని వారికి అప్పుడే తెలిసినది. ఉర్దూ మాధ్యమము వారందరూ ముందురోజే పత్రములు ఇచ్చి ఉన్నారు. ఆ ఏడుగురిలో మహాదేవపూర్ వైపు పల్లె నుండి వచ్చిన మొదటి సంవత్సరపు చెల్లెలు ఒకతె. సంతకము కొరకు తల్లిని వెంటబెట్టుకొని తెల్లవారుజామున బస్సు ఎక్కి వచ్చినది. ఆ తల్లి పత్తి ఏరే కూలి పని మానుకొని వచ్చినది. ఆమె మమ్ము ఏమీ అనలేదు. “ఇయ్యాల గాదా బిడ్డా?” అని మాత్రము అడిగినది.

మధ్యాహ్నమునకు వరండాలో మాట పుట్టినది. ఉర్దూ వాళ్లకు తెలిసిన తేదీ తెలుగు వాళ్లకు ఎందుకు తెలియలేదు? ప్రకటన ఒకటే అయినప్పుడు ఒక భాషలో తేదీ ఉండి, మరొక భాషలో లేకపోవడము ఎట్లా జరిగినది? ఉర్దూ పాఠము వ్రాసినది ఎవరు? వేళ్లు మా మహబూబాబాదు మిత్రుని వైపు చూపినవి. అతడు తెలుగు పాఠమును ముట్టనైనా ముట్టలేదు. దానిని వ్రాసినది మేమిద్దరము. ఆ సంగతి అక్కడనే, అందరి ముందు, మేము చెప్పవలసినది. చెప్పలేదు. తప్పు మాదని తేలుతుందేమో అన్న భయముతో నోరు మూసుకొన్నాము. స్క్రిప్టులో మేము చేసిన పొరపాటు కంటె ఆ మౌనము పెద్ద పొరపాటు. ఆ సాయంత్రము అతడు మా బల్ల దగ్గరకు రాలేదు. వేరొక వరుసలో కూర్చొని తన పని తాను చూసుకొన్నాడు.

ఇద్దరమే మిగిలి తప్పు వెదకడము మొదలుపెట్టినాము. మొదట కార్యాలయపు కాగితము తీసి చూచినాము. అందులో తేదీ ఉన్నది. తరువాత మా తెలుగు పాఠము చూచినాము. అందులోనూ తేదీ ఉన్నది. స్క్రిప్టు తాను పంపిన ప్రతి వాక్యమును ఒక చిట్టాలో వ్రాసుకొనేటట్లు ఏర్పాటు చేసినాము. ఆ చిట్టాలోనూ ప్రకటన మొదటి నుండి చివరి వరకు, తేదీతో సహా, చక్కగా ఉన్నది. మా వైపు సాక్ష్యములన్నీ మేము నిర్దోషులమనే చెప్పినవి. అయినా ఆ ఏడుగురూ అబద్ధము చెప్పరని మాకు తెలుసు.

అప్పుడు గాని మాకు తోచవలసిన సంగతి తోచలేదు. మేము పంపిన దానిని చూస్తున్నాము గాని, వారికి అందిన దానిని చూడలేదు. లేచి వెళ్లి వేరొక కంప్యూటరు ముందు కూర్చొని అదే ప్రకటనను మళ్లీ పంపించి చూచినాము. తెర మీద వాక్యము ‘పత్రములన్నియు కార్యాలయములో సమర్పించవలె’ అన్నంత వరకు వచ్చి ఆగిపోయినది. దాని పక్కన నల్లని వజ్రాకారములో ఒక ప్రశ్నార్థకము. మేము వ్రాసినది ‘సమర్పించవలెను’. ఆ తరువాతి వాక్యములో తేదీ. చివరి ‘ను’ మొదలుకొని తక్కినదంతా మాయమైనది. ‘సమర్పించవలె’ అన్నా తెలుగులో అర్థము పూర్తి అయినట్లే కనబడుతుంది గనుక వాక్యము తెగినదని ఎవరికీ అనుమానము రాలేదు. ఆ నల్లని గుర్తును ఏదో అలంకారము అనుకొన్నారు.

సర్వరు తెంపినదా, క్లయింటు తెంపినదా, మా స్క్రిప్టు తెంపినదా? ఒక్కొక్కటే మార్చి చూడవలెను. అదే పాఠమును స్క్రిప్టు లేకుండా మామూలుగా క్లయింటులో అతికించి పంపితే, అది తనంతట తానే రెండు సందేశములుగా విడిపోయి పూర్తిగా చేరినది. స్క్రిప్టు పంపితే తెగినది. కాబట్టి దోషము మా స్క్రిప్టు నడిచే దారిలోనే ఉన్నది. ఇంగ్లీషులో నాలుగు వందల అక్షరముల వాక్యమును స్క్రిప్టు చేత పంపించినాము. తెగలేదు. తెలుగు వాక్యము సుమారు నూట యాభై దగ్గర తెగుతున్నది. ఉర్దూ ఎక్కడ తెగుతుందో చూడవలెను. మా ఇద్దరిలో ఎవరికీ ఉర్దూ టైపు చేయడము రాదు.

వెళ్లి అతనిని అడగక తప్పలేదు. ఏమని అడిగినామో ఇక్కడ వ్రాయడము అనవసరము. నిన్న వరండాలో చెప్పవలసిన మాట ముందు చెప్పి, తరువాత సహాయము అడిగినాము. అతడు కొంతసేపు మౌనముగా ఉన్నాడు. పిదప లేచి వచ్చి, కీబోర్డు ముందుకు జరుపుకొని, పొడవైన ఉర్దూ వాక్యము ఒకటి టైపు చేసినాడు. అది రెండు వందలు దాటిన తరువాత తెగినది. అతడే కాగితము తీసుకొని మూడు లెక్కలూ ఒకదాని కింద ఒకటి వ్రాసి, “యే తో ఏక్, దో, తీన్ కా హిసాబ్ హై” అన్నాడు. ఇంగ్లీషు అక్షరమునకు ఒకటి, ఉర్దూ అక్షరమునకు రెండు, తెలుగునకు మూడు. చిక్కుముడి అక్కడ విడిపోయినది.

పాఠకులకు ఈ లెక్క కొంచెము వివరించవలసి ఉన్నది. కంప్యూటరునకు అక్షరములు తెలియవు, సంఖ్యలే తెలుసు. ప్రపంచ భాషల అక్షరములన్నిటికీ ఒక్కొక్క సంఖ్య కేటాయించే ఏర్పాటునకు యూనికోడు అని పేరు. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పులోనే తెలుగునకు స్థానము ఉన్నది. ఆ సంఖ్యలను బైట్లుగా పేర్చే యూటీఎఫ్-8 అనే పద్ధతిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనే ఇద్దరు రూపొందించినారు. అందులో 127 వరకు ఉన్న సంఖ్యలకు ఒక బైటు చాలును. ఇంగ్లీషు అక్షరములు ఇందులో ఇమిడిపోతాయి. 2047 వరకు రెండు బైట్లు. ఉర్దూ అక్షరములు 1536 మొదలుకొని 1791 వరకు గల గడిలో ఉన్నవి గనుక వాటికి రెండు. 2048 నుండి మూడు బైట్లు. తెలుగు గడి 3072 వద్ద మొదలవుతుంది. హిందీ వ్రాసే దేవనాగరి కూడా 2304 వద్ద మొదలవుతుంది గనుక దానికీ మూడే. ఒక భాషను హెచ్చు, ఒక భాషను తక్కువ చేయవలెనని ఎవరూ సంకల్పించినది కాదు. వరుసలో ఎవరు ఎక్కడ నిలుచున్నారన్నదే ఇందులోని విషయము.

పైగా తెలుగులో కంటికి ఒక అక్షరముగా కనబడేది యంత్రమునకు ఒకటి కాదు. హల్లు వేరు, గుణింతపు గుర్తు వేరు, పొల్లు వేరు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరములో స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము అని ఆరు సంకేతములు, అనగా పద్దెనిమిది బైట్లు. మా ఊరి పేర్లనే చూడండి. జనగామ కంటికి నాలుగు అక్షరములు, యంత్రమునకు ఐదు సంకేతములు, పదిహేను బైట్లు. భూపాలపల్లి కంటికి ఐదు, యంత్రమునకు పది సంకేతములు, ముప్పది బైట్లు. మహబూబాబాద్‌కు కూడా తెలుగులో ముప్పది బైట్లే. అదే పేరు ఉర్దూలో కలిపి వ్రాస్తే తొమ్మిది అక్షరములు, పద్దెనిమిది బైట్లు.

ఇంటర్నెట్ రిలే చాట్ నియమము ప్రకారము ఒక సందేశము, చివరి రెండు ముగింపు గుర్తులతో సహా, 512 బైట్లు మించరాదు. అందులోనే పంపినవారి పేరు, యంత్రము చిరునామా, ఛానెలు పేరు కూడా ఇమడవలెను. అవి పోగా మా ప్రయోగశాలలో పాఠమునకు మిగిలేది సుమారు 430 బైట్లు. ఉర్దూ ప్రకటన అందులో పట్టినది. తెలుగు ప్రకటన పట్టలేదు. సర్వరు మిగిలినదానిని కోసివేసినది. కోత ‘ను’లోని ‘న’ అనే సంకేతపు మూడు బైట్ల నడుమ పడినది గనుక, మిగిలిన ముక్కను క్లయింటు చదువలేక నల్లని వజ్రమును చూపినది.

అయితే క్లయింటులో అతికించినప్పుడు ఎందుకు తెగలేదు? హెక్స్‌చాట్ మామూలు సందేశమును పంపే ముందు పొడవు చూచుకొని, ఎక్కువైతే తానే విడదీస్తుంది. మేము ఏదో పాత నమూనా నుండి నకలు చేసిన వరుసలో ఆ మామూలు దారి లేదు. సందేశమును ముడిరూపములో నేరుగా సర్వరునకు నెట్టే ఆదేశము ఉన్నది. అట్లా పంపితే క్లయింటు విడదీయదు. అంతేకాదు, పంపినవారి తెర మీద ఆ సందేశము కనబడను కూడా కనబడదు. ఒకవేళ కనబడి ఉంటే మొదటి రోజే పట్టుకొని ఉండేవారమేమో. మేము చూచుకొన్నది మా చిట్టాను మాత్రమే. చిట్టా వ్రాసినదీ మేమే, చదివినదీ మేమే. తన దస్తావేజునకు తానే సాక్షి సంతకము పెట్టుకొన్నట్లయినది.

20వ తేదీ మధ్యాహ్నము అధ్యాపకుల అనుమతితో రెండు మాధ్యమముల వారినీ ప్రయోగశాలకు పిలిచినాము. పొడవాటి కాగితము మీద గళ్లు గీసి, ఒక్కొక్క గడి ఒక బైటు అని చెప్పి, ఎవరి పేరు వారినే వ్రాసి లెక్కించుమన్నాము. తెలుగు వారి పేర్లు మూడేసి గళ్లు తింటూ పోయినవి. ఉర్దూ వారివి రెండేసి. పది నిమిషములలో ఎవరికీ వేరే వివరణ అక్కరలేకపోయినది. తెలుగు పాఠము మేమిద్దరము వ్రాసినామని, ముడి ఆదేశమును వాడినదీ, బోర్డు మీద కాగితము వద్దన్నదీ మేమేనని అందరి ముందు చెప్పినాము. కాగితము చూచిన మీదట కళాశాల వారు దయతో 22వ తేదీ వరకు గడువు పొడిగించినారు. ఏడుగురి పత్రములూ అందినవి. మహాదేవపూర్ వైపు నుండి ఆ తల్లి మళ్లీ వచ్చి సంతకము చేసి పోయినది. ఆమెకు పోయిన రెండు రోజుల కూలిని ఏ గడువూ తిరిగి ఇవ్వలేదు.

ఇక మరమ్మతు సంగతి. మొదట ముడి ఆదేశమును తీసివేసి, బైట్లు లెక్కించి, ఏ సంకేతమూ నడుమ తెగకుండ మేమే ముక్కలు చేసినాము. నల్లని వజ్రములు పోయినవి. కాని కొత్త వింత కనబడినది. ‘తేదీ’ అన్న మాటలో ‘త’ ఒక సందేశము చివర, ఏత్వపు గుర్తు తరువాతి సందేశము మొదట పడి, ఆ గుర్తు చుక్కల వలయము మీద ఒంటరిగా వ్రేలాడినది. యంత్రము దృష్టిలో అవి రెండు సంకేతములు. మన దృష్టిలో ఒక అక్షరము. కాబట్టి మాటల నడుమ ఖాళీ ఉన్నచోటనే కోయవలెనని నిర్ణయించినాము. ప్రతి ముక్క ముందు ‘రెంటిలో ఒకటి’, ‘రెంటిలో రెండు’ అని వ్రాయించినాము. ఇప్పుడు రెండవది రాకపోతే, రాలేదన్న సంగతైనా చదివేవారికి తెలుస్తుంది.

అన్నిటికంటె మంచి సలహా మాత్రము ఏ పుస్తకములోనూ లేనిది. కార్యాలయములో ఎన్నో ఏండ్లుగా పనిచేస్తున్న అటెండరుగారు మా గళ్ల కాగితమును చూచి, “గిదంత ఎందుకు బిడ్డా, తారీఖు ముందుగాల రాయుండ్రి” అన్నారు. నిజమే. తేదీ మొదటి మాట అయితే, ఎంత తెగినా అది మిగులుతుంది. ఆనాటి నుండి మా ప్రకటనలన్నీ తేదీతోనే మొదలవుతున్నవి. బోర్డు మీద కాగితము కూడా యథాప్రకారము అంటిస్తున్నారు.

ఈ దెబ్బతో మాకు కళ్లు తెరుచుకొని, స్క్రిప్టును మొదటి నుండి రెండు లిపులలోనూ పరీక్షించినాము. దాగి ఉన్న తప్పులు మరికొన్ని బయటపడినవి. జనగామ అని మేము నేర్పినాము. కొందరు జనగాం అని వ్రాస్తున్నారు. వారికి బస్సు సమాధానము రావడము లేదు. మహబూబాబాద్ అని నేర్పితే, మహబూబాబాదుకు అని వ్రాసినవారిని యంత్రము గుర్తించలేదు, పొల్లు పోయి కొమ్ము వచ్చినది గదా. ఊరివారు ఎక్కువగా అనేది మానుకోట. ఆ పేరు మా జాబితాలోనే లేదు. ఉర్దూలో ఇంకొక వింత. ‘ఫీస్’ అన్న మాట నడుమ వచ్చే ‘యే’ అక్షరమునకు రెండు సంఖ్యలు ఉన్నవి. అరబ్బీ కీబోర్డుతో కొడితే 1610, ఉర్దూ కీబోర్డుతో కొడితే 1740. మాట నడుమ రెండింటి ఆకారమూ ఒకటే. కంటికి భేదము లేదు, యంత్రమునకు అవి వేర్వేరు మాటలు. నెలరోజులుగా కొందరు ఉర్దూ విద్యార్థులు ఫీజు గురించి అడిగి, సమాధానము రాక, తమకే వాడుక తెలియదేమోనని ఊరుకొన్నారట. ఎవరూ ఫిర్యాదు చేయలేదు గనుక అంతా బాగున్నదని మేము అనుకొన్నాము. ఇప్పుడు పోల్చడమునకు ముందు రెండు ‘యే’లను ఒకటిగా మార్చుకొంటున్నాము. ఊరి పేర్లకు వాడుకలో ఉన్న రూపములన్నీ చేర్చినాము.

ఇటువంటి తప్పులు మా వంటి విద్యార్థులే చేస్తారని పాఠకులు భావించనక్కరలేదు. 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ అక్షరము లోకప్రసిద్ధి పొందినది. జ, పొల్లు, ఞ, కంటికి కనబడని విడదీత గుర్తు, దీర్ఘము అనే వరుసలో ఆ అక్షరము సందేశముగా వస్తే, ఆపిల్ సంస్థ ఐఫోనులలో దానిని చూపబోయిన సందేశముల యాప్ కుప్పకూలేది. ఆ నెల 19వ తేదీన విడుదల చేసిన 11.2.6 కూర్పుతో ఆ సంస్థ దానిని సరిచేసినది. జ్ఞానము అనే మాటలోని మొదటి అక్షరమును ప్రపంచములోని పేరుపొందిన యంత్రము మ్రింగలేకపోయినదని అప్పుడు అందరూ నవ్వినారు. నవ్వు తరువాత మిగిలేది ఒక ప్రశ్న. మన అక్షరములను ప్రయత్నించి చూచే పని ఎవరిది? వాటిని వ్రాసేవారిది, చదివేవారిది. అనగా మనది.

మేము వాడిన హెక్స్‌చాట్ విషయములో ఇది మరింత నిజము. 2024 ఫిబ్రవరిలో వెలువడిన 2.16.2 కూర్పే చివరిదని దాని నిర్వాహకుడు ప్రకటించినాడు. ఇకమీదట తప్పు కనబడితే వ్రాసి అడుగుటకు ఒకరు ఉంటారన్న భరోసా లేదు. కాని దాని మూలము అందరికీ తెరిచియే ఉన్నది. నేర్చుకొన్నవారు తామే బాగుచేసుకోవచ్చును.

అందుకై మేము ఒక నోటుబుక్కు ప్రయోగశాలలో ఉంచినాము. అందులో ఒక పుటలో తెలుగు పరీక్షావాక్యములు, ఎదుటి పుటలో ఉర్దూ పరీక్షావాక్యములు వ్రాసినాము. స్క్రిప్టులో ఒక్క వరుస మార్చినా, రెండు పుటలలోని వాక్యములనూ పంపించి, వేరొక కంప్యూటరు మీద వేరొకరు చదివి సంతకము చేయవలెనని మొదటి పుటలో నియమము వ్రాసినాము. పంపినవారి సంతకము చెల్లదు. తెలుగు పుటను ఉర్దూ మాధ్యమము వారు, ఉర్దూ పుటను తెలుగు మాధ్యమము వారు సరిచూడవలెనన్నది మా మహబూబాబాదు మిత్రుడు చేర్చిన నియమము. చదవడము రాకపోయినా, మూలములోని గీతలతో పోల్చి చూడవచ్చును గదా అని అతని వాదము. ఆ నియమము పుణ్యమా అని మేమిద్దరము ఇప్పుడు కొద్దికొద్దిగా ఉర్దూ అక్షరములు గుర్తుపడుతున్నాము.

మేము ఈ ఏడాది కళాశాల విడిచి వెళుతున్నాము. కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే. ఆ నోటుబుక్కును ప్రయోగశాల సామగ్రి జాబితాలో చేర్చి, ఏటేటా ఇద్దరు విద్యార్థులకు, ఒకరు ఉర్దూ, ఒకరు తెలుగు, అప్పగించవలెను. తమ్ములకు, చెల్లెండ్రకు చెప్పదగినది కూడా ఒక్కటే ఉన్నది. పంపినాము అన్నంత మాత్రమున పని ముగియదు. లేచి వెళ్లి అవతలి బల్ల దగ్గర కూర్చొని, ఏమి అందినదో చూడవలెను. మహాదేవపూర్ వైపు ఆ తల్లికి మా క్షమాపణ ఈ పుటల ద్వారా చెప్పుకొంటున్నాము.